ఎవరి రేవు వారిది

విశాఖపట్నం మర్రిపాలెంలో ప్రాంతీయ పాస్‌పోర్ట్ కార్యాలయం ఉంది. దేశం దాటాలనుకునే ఉత్తరాంధ్ర వాళ్ల కాగితాలన్నీ ఎప్పుడో ఒకప్పుడు ఆ గుమ్మం తొక్కాల్సిందే. అక్కడికి ఆటో దూరంలో, కంచరపాలెంలో, బర్మా క్యాంప్ ఉంది. వెళ్లబోయేవాళ్ల కాగితాలు ఒకచోట, ఎప్పుడో వెళ్లి, వెళ్లినచోట బతికి, చివరికి వచ్చేయాల్సి వచ్చినవాళ్ల వాడ ఇంకోచోట. ఒకే ఆటోవాడు రెండుచోట్లకీ సవారీలు దించుతాడు. ఈ వాడ కథ పాస్‌పోర్ట్ వరసలో నిలబడ్డవాళ్లకు ఎవరూ చెప్పరు.

ఈ ఊళ్లో ఒక ప్రశ్న పెళ్లి భోజనాల దగ్గరా, ఉక్కునగరం క్వార్టర్ల మెట్ల మీదా, పొద్దున్నే బీచ్ రోడ్డులో నడిచే పెద్దమనుషుల మధ్యా తిరుగుతూ ఉంటుంది. ‘మావాడి బీటెక్ అయిపోతోందండీ, ఏ దేశమైతే మంచిదంటారు?’ జవాబు క్షణంలో వచ్చేస్తుంది. ‘కెనడా పంపించెయ్యండి, మా తోడల్లుడి కొడుకు అక్కడే ఉన్నాడు.’ అడిగినాయన కుర్రాడికి ఏం వచ్చో చెప్పడు, ఇంట్లో మంచాన పడ్డ నాయనమ్మ ఉందని చెప్పడు, పొలం మీద అప్పుందనీ చెప్పడు. చెప్పేవాడూ అడగడు. జగదాంబ జంక్షన్‌లో చెప్పులు కొనడానికి వెళ్లినవాడు ముందు పాదం చాపుతాడు గదా. దేశం దగ్గరికి వచ్చేసరికి పాదం సంగతే మరిచిపోతారు.

దీనికి తోడు ఏటా జాబితాలు వస్తాయి. ప్రపంచ సంతోష నివేదికలో 2018 నుంచి ఫిన్లాండ్‌దే మొదటి స్థానం. ఐక్యరాజ్యసమితి మానవాభివృద్ధి సూచికలో 2025 నివేదిక ప్రకారం ఐస్‌లాండ్ ఒకటో స్థానంలోనూ, 193 దేశాల్లో మన దేశం 130లోనూ ఉన్నాయి. ఇవి అబద్ధాలేం కావు. సగటు తీస్తే తేలే లెక్కలు. కానీ సగటుకు కీళ్లనొప్పులుండవు, సగటుకు పెళ్లీడుకొచ్చిన చెల్లెలుండదు. చలికాలంలో కొన్ని వారాలపాటు సూర్యుడే పొడవని ఉత్తర ఫిన్లాండ్‌కు పెదగంట్యాడ నుంచి ఒక అరవై ఏళ్ల అమ్మమ్మను తీసుకెళ్లి, ప్రపంచంలోకెల్లా సంతోషమైన దేశంలో ఉన్నావని చెప్పి చూడండి.

జాబితాలు అప్పుడే ఉండుంటే, నూరేళ్ల కిందట విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం మనుషులు వేసుకునే జాబితాలో మొదటి పేరు ఒకటే. రంగం. అంటే రంగూన్. ‘రంగం వెళ్లాడు’ అంటే ఇంకేమీ వివరించనక్కర్లేదు, బతుకుతెరువుకు వెళ్లాడని అర్థం. ఇక్కడ రెండు వానలు తప్పితే గంజికి కరువు. అక్కడ ఐరావతి డెల్టా అంతా వరి, ఊరూరా బియ్యపు మిల్లులు, రేవు నిండా ఓడలు. రెండో ప్రపంచయుద్ధానికి ముందు ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువగా బియ్యం ఎగుమతి చేసిన దేశం బర్మా. ఆ బస్తాలు ఓడల్లోకి మోసినవాళ్లలో తెలుగువాళ్లే జాస్తి. కోరంగి రేవు పేరు మీద బర్మాలో మనవాళ్లందరినీ ‘కోరంగీలు’ అనేవారు. విశాఖలో హార్బరు కట్టకముందు ఓడలు సముద్రంలో దూరంగానే లంగరు వేసేవి. మనుషులు మసులా పడవల్లో, అలల మీద ఎగిరెగిరి పడుతూ, వాటిని అందుకునేవారు. తర్వాత హార్బరు తవ్వారు. 1933 అక్టోబరు 7న లోపలికి వచ్చిన మొట్టమొదటి ఓడ సింధియా కంపెనీ వారి ‘జలదుర్గ’. అది సరుకు ఓడ కాదు, ప్రయాణికుల ఓడ. ఈ రేవు ముఖ్యంగా ఖనిజాలూ బొగ్గూ మోస్తుందని ఇవాళ అనుకుంటాం గానీ, పొద్దున్నే తలుపు తీసేసరికి గుమ్మంలో నిలబడి ఉన్నది మనుషులే.

రంగం ఎవరికి మంచి దేశం? అప్పు చేసి పొలం పోగొట్టుకున్న కూలీకి మంచిదే, ఆ సంవత్సరానికి. కూలీలను కుదిర్చే మేస్త్రీ ముందుగా కొంత డబ్బు చేతిలో పెట్టి, ఓడ టిక్కెట్టు కొని తీసుకెళ్లేవాడు. అక్కడ జీతం మేస్త్రీ చేతికొచ్చి, ముందిచ్చింది కోసుకున్నాక కూలీ చేతికొచ్చేది. నాలుగేళ్లు అలా గడిపి, మిగిలింది మూటగట్టి వచ్చి పొలం విడిపించుకున్నవాడికి బర్మా బంగారు భూమి. జ్వరం తగిలి పడిపోయినవాడికి అది అప్పుల ఊబి. మేస్త్రీకి మాత్రం ఎప్పుడూ మంచి దేశమే. ఓడ ఒకటే, రేవు ఒకటే. ఎక్కిన మనిషి చేతిలో ఏముంది, మెడకు ఏం చుట్టుకుని ఉంది అన్నదాన్ని బట్టి దిగిన దేశం వేరు.

1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు. రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. ఒక దేశపు ముఖ్యపట్టణంలో ఆ దేశపు మనుషులే తక్కువైతే ఏమవుతుందో అంతకు ఏడాది ముందే తెలిసొచ్చింది. 1930 మేలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల కంపెనీలు బర్మీయులను పనిలో పెట్టుకున్నాయి. సమ్మె తేలాక, మళ్లీ మనవాళ్లనే పిలిచి బర్మీయులను పొమ్మన్నాయి. కత్తులు లేచాయి. వందమందికి పైగా చనిపోయారు. ఆ కథలో బర్మా కూలీని దుర్మార్గుడిగా చూపడం మనకు తేలిక. తన ఊళ్లో తనకు పని లేకుండా పోయిన మనిషి వాడు. అతనికీ ఒక ఇల్లుంది, ఆ ఇంటికీ లెక్కలున్నాయి.

1937 ఏప్రిల్ 1న బర్మాను భారతదేశం నుంచి విడదీశారు. అంటే ముందురోజు రాత్రి పడుకున్నవాడు మర్నాడు లేచేసరికి, మంచం కదలకుండానే, పరదేశంలో ఉన్నాడు. 1942లో జపాను సైన్యం వచ్చింది. లక్షల మంది అరకాన్ దారినా, మణిపూర్ దారినా నడిచి ఇండియాకు పారిపోయారు. దారిలో పడిపోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. తప్పించుకుని ఇల్లు చేరినవాళ్లకు ఇంటి దగ్గరైనా నెమ్మది ఉందా అంటే, ఆ ఏప్రిల్ 6నే జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అయినా యుద్ధం అయ్యాక ఎంతోమంది మళ్లీ ఓడెక్కారు. ఎందుకని అడగాల్సిన పనిలేదు. వాళ్ల కొట్లు అక్కడున్నాయి, పెళ్లాం పిల్లలు కొందరికి అక్కడే ఉన్నారు, ఇక్కడ సెంటు భూమి లేదు.

1962 మార్చిలో నే విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది. మరుసటి ఏడాది నుంచి దుకాణాలూ మిల్లులూ జాతీయం చేయడం మొదలైంది. 1964 మేలో 50, 100 క్యాట్ల నోట్లు చెల్లవన్నారు. భారత ప్రభుత్వం ఓడలు పంపింది. ఆ దశాబ్దంలో మూడు లక్షల మంది దాకా భారతీయులు బర్మా వదిలి వచ్చేశారని లెక్క. మద్రాసుకూ విశాఖపట్నానికీ వచ్చిన ఓడల్లోంచి దిగినవాళ్ల చేతుల్లో పెద్దగా ఏమీ లేవు, నగానట్రా తేనివ్వలేదు. కంచరపాలెం బర్మా క్యాంప్ అలా వెలిసింది. కాందిశీకుల కోసమని 1969లో మద్రాసులో రెప్కో బ్యాంకే పెట్టాల్సి వచ్చింది.

అసలు మాట ఇక్కడుంది. అలా దిగిన కుటుంబం ఒకటి అనుకోండి. తండ్రి విజయనగరం దగ్గర పల్లెలో పుట్టాడు కాబట్టి, చేతిలో చిల్లిగవ్వ లేకపోయినా అతను ఇంటికి వచ్చాడు. పిల్లలు రంగూన్‌లో పుట్టారు, బర్మా భాషలో ఆడుకున్నారు. వాళ్లు ఇల్లు విడిచి పరాయిదేశం వచ్చారు. ఒకే ఓడ, ఒకే కుటుంబం, ఒకే రోజు. ఒకరికి తిరుగు ప్రయాణం, ఇంకొకరికి వలస. ఏ సూచికకూ అందని తేడా అది. కదలనివాళ్ల సంగతి మరో దారి పట్టింది. 1982 పౌరసత్వ చట్టం 1823కు ముందు నుంచీ అక్కడ స్థిరపడ్డ జాతులకే పూర్తి పౌరసత్వం అంది. తాత ఏ సంవత్సరంలో ఓడ దిగాడన్నది మనవడి హక్కుల్ని తేల్చింది.

ఇప్పుడు ఓడ బదులు విమానం. విశాఖ నుంచి సింగపూర్‌కు నేరుగా విమానం ఉంది. దాంట్లో పక్కపక్క సీట్లలో ఇద్దరు కూర్చున్నారనుకుందాం. ఒకడు గాజువాకలో ఐటీఐ చదివి, 6జీ పరీక్ష పాసై, పైపుల వెల్డింగ్‌లో చెయ్యి తిరిగినవాడు. షిప్‌యార్డుకు వర్క్ పర్మిట్ మీద వెళ్తున్నాడు. రెండోవాడు మధురవాడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఎంప్లాయ్‌మెంట్ పాస్ మీద వెళ్తున్నాడు. వెల్డరు భార్యాబిడ్డల్ని అక్కడికి తీసుకెళ్లి ఉంచుకోలేడు. అక్కడి అమ్మాయిని పెళ్లి చేసుకోవాలన్నా ప్రభుత్వం అనుమతి ఉండాలి. రెండోవాడు నెలకు 6,000 సింగపూర్ డాలర్ల జీతం దాటితే భార్యనూ పిల్లల్నీ తెచ్చుకోవచ్చు, 12,000 దాటితే అమ్మానాన్నల్ని కూడా. చాంగీలో ఇద్దరూ ఒకే తలుపులోంచి దిగుతారు గానీ, దిగేది రెండు వేరువేరు దేశాల్లో. ‘సింగపూర్ మంచిదేనా?’ అని ఇద్దర్నీ అడిగి చూడండి. ఇద్దరూ నిజమే చెబుతారు, రెండు జవాబులూ కలవవు.

అలాగని వెల్డరుకు సింగపూర్ చెడ్డదనీ కాదు. పెళ్లికాని పాతికేళ్లవాడు ఇద్దరు చెల్లెళ్ల పెళ్లి చేయాలంటే అంతకన్నా దగ్గర దారి ఇంకోటి లేకపోవచ్చు. అతనికే ముప్ఫై అయిదు వచ్చి, కూతురు మొదటిమాట ఫోన్లో వినాల్సి వచ్చినప్పుడు అదే ఊరు, అదే పని, అదే జీతం, ఏదీ మారకుండానే చెడ్డదైపోతుంది. గల్ఫ్‌లోనూ ఇదే తంతు. దుబాయ్‌లో ఆదాయపు పన్ను లేదంటారు, నిజం. భార్యను తెచ్చుకోవాలంటే నెలకు కనీసం 4,000 దిర్హమ్‌ల జీతం, లేదా 3,000తో పాటు బస చూపించాలన్నది కూడా నిజమే. అక్కడే ముప్ఫై ఏళ్లు చాకిరీ చేసినా, ఉద్యోగం పోతే ఆ దేశంలో ఉండే హక్కూ దాంతోనే పోతుంది. బయల్దేరేటప్పుడే తిరిగి రావడం లెక్కలో ఉన్నవాడికి అది ఇబ్బందే కాదు. ఆ లెక్క వేసుకోనివాడికి అరవయ్యో ఏట సొంత ఊళ్లో కొత్తగా కాపురం పెట్టుకోవడం పెద్ద పని.

అమెరికా సంగతికొస్తే అక్కడి నియమం ఒకటి వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. ఏ ఒక్క దేశంవాళ్లకూ 7 శాతం మించకూడదని చట్టం. దేశం అంటే పౌరసత్వం కాదు, పుట్టినచోటు. అందుకే విశాఖ కేజీహెచ్‌లో పుట్టిన ఇంజినీరు ఏళ్ల తరబడి, దశాబ్దాల తరబడి వరసలో నిలబడతాడు. అతని మేనత్త కొడుకు, వాళ్లమ్మానాన్నలు ఉద్యోగం చేస్తుండగా కువైట్‌లో పుట్టాడు. అవే చదువులు, అదే కంపెనీ, అదే భారత పాస్‌పోర్ట్. కానీ అతన్ని కువైట్ వరసలో నిలబెడతారు, ఆ వరస చాలా పొట్టిది. భార్య వేరే దేశంలో పుట్టి ఉంటే భర్త ఆమె వరసలోకి మారవచ్చు. ఆ లెక్కన కంచరపాలెం బర్మా క్యాంప్‌లో పెరిగినా, రంగూన్‌లో పుట్టినవాడికి ఆ కౌంటరు దగ్గర బర్మా వరసే. తరిమేసిన దేశం పేరు మరో దేశంలో దగ్గరిదారి అయి కూర్చుంటుంది! ఇక వరసలో నిలబడ్డవాడి పిల్లల సంగతి. తండ్రి వీసా నీడలో పెరిగిన బిడ్డకు 21 ఏళ్లు నిండితే ఆ నీడ పోతుంది. మూడేళ్ల పాపతో వెళ్లినవాడికి, పద్నాలుగేళ్ల కొడుకుతో వెళ్లినవాడికి అమెరికా ఒకటే ఎలా అవుతుంది?

వయసు మాటొచ్చింది కాబట్టి ఇద్దరు మహానుభావుల్ని తలచుకోవాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1922లో బోస్టన్ చేరాడు. అప్పటికి 27 ఏళ్లు, భార్య ఇక్కడే ఉండిపోయింది. ఆ మరుసటి ఏడాదే అక్కడి సుప్రీం కోర్టు భారతీయులు పౌరసత్వానికి తగరని తీర్పు చెప్పింది. 1946లో చట్టం మారేదాకా అదే స్థితి. హార్వర్డ్‌లో ఉద్యోగం స్థిరపడలేదు, 1940లో లెడర్లీ ప్రయోగశాలకు వెళ్లాడు. ప్రపంచానికి ఎన్నో మందులు ఆ బల్ల మీదనుంచి వచ్చాయి. తిరిగి ఇంటికి రాకుండానే 1948లో 53వ ఏట పోయాడు. ప్రయోగశాల దృష్టిలో చూస్తే ఆయనకు అమెరికాయే తగిన దేశం. ఇక్కడ ఎదురుచూసిన ఇల్లాలి దృష్టిలో అదే దేశం ఏమిటో ఎవరూ జాబితాల్లో రాయలేదు.

రెండో ఆయన విశాఖ మనిషే అనుకోవచ్చు. కల్యంపూడి రాధాకృష్ణారావు, లోకానికి సి.ఆర్. రావు, ఏవీఎన్ కాలేజీలో చదివి ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో 1940లో గణితం పట్టా పుచ్చుకున్నాడు. ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లి భారతీయ గణాంక సంస్థలో చేరాడు. 25 ఏళ్ల వయసులో రాసిన ఒక్క వ్యాసంతో గణాంకశాస్త్రంలో పేరు నిలిచిపోయింది. కేంబ్రిడ్జిలో డాక్టరేటు చేసి కూడా వెనక్కి వచ్చేశాడు. మనిషికి విదేశం బాగా కలిసొచ్చే వయసు అంటారే, ఆ వయసంతా కలకత్తాలోనే గడిపాడు. అందరూ పెన్షన్ కాగితాలు సర్దుకునే అరవయ్యో పడి ముంగిట్లో అమెరికా వెళ్లి పిట్స్‌బర్గ్‌లో, తర్వాత పెన్ స్టేట్‌లో పాఠాలు చెప్పాడు. కూతురు ఉండే బఫెలో నగరంలో 2023 ఆగస్టు 22న 102 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. పడుచుతనంలో ఆయనకు కావలసింది ఆ సంస్థను పెట్టిన మహలనోబిస్ లాంటి గురువు, చుట్టూ పని. ఆ పని కలకత్తాలో ఉంది. అరవై దాటాక కావలసింది రిటైరు చేయని బడి. అది అమెరికాలో ఉంది. దేశభక్తి కొలతలతో ఈ ఇద్దరిలో ఎవరు ఎక్కువ అని తూచేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. వాళ్లను చూసి జాలిపడాలి.

మనం దేశాన్ని ఎంచుకుంటున్నాం అనుకుంటాం. ఎదుటివాళ్ల చేతిలోనూ ఒక జాబితా ఉందని చాలా ఆలస్యంగా తెలుస్తుంది. కెనడా మార్కుల పట్టీలో 20 నుంచి 29 ఏళ్ల మధ్యవాడికి వయసు మార్కులు నిండుగా పడతాయి. అక్కడినుంచి ఏటా పుట్టినరోజు వచ్చినప్పుడల్లా కొన్ని తెగ్గోసి, 45కు వచ్చేసరికి సున్నా చేస్తారు. ఆస్ట్రేలియా పట్టీలో 25 నుంచి 32 వరకూ ముప్ఫై మార్కులు, 45 నిండితే తలుపే తియ్యరు. పెళ్లిచూపుల్లో వరుడు అమ్మాయి రంగూ ఎత్తూ అడుగుతుంటే, ఆ పిల్ల తండ్రి అతని జీతం స్లిప్పు అడిగినట్టు ఉంటుంది ఈ వ్యవహారం. ఇంట్లో తమ్ముడికి కెనడా తగినదై, నాలుగేళ్లు పెద్దయిన అక్కకు కాకపోవడానికి తెలివితేటలతో సంబంధం లేదు.

కొన్ని ఇళ్లలో ఈ లెక్క గుండె పిండేస్తుంది. మాట రాని, బుద్ధిమాంద్యం ఉన్న బిడ్డ ఉన్న తల్లిదండ్రులు ఆస్ట్రేలియాకు దరఖాస్తు చేస్తే, ఆ బిడ్డ వైద్యానికి ప్రభుత్వానికి ఎంత ఖర్చవుతుందో లెక్క వేస్తారు. పరిమితి దాటితే కుటుంబం మొత్తానికి వీసా నిరాకరించవచ్చు. అమెరికాలో 1975 నుంచి ఉన్న చట్టం ప్రకారం అలాంటి పిల్లలకు ప్రభుత్వ బడి తగిన చదువు ఉచితంగా చెప్పి తీరాలి, తల్లిదండ్రుల వీసా ఏదైనా సరే. ఆ ఇంటివాళ్లకు గ్రీన్ కార్డు వరస ఎంత పొడుగైనా లెక్కలోకి రాదు. పొద్దున్నే పసుపుపచ్చ బస్సు వచ్చి బిడ్డను ఎక్కించుకుని వెళ్తే చాలు.

అటు ముసలితనం. అబ్బాయి అమెరికా పౌరుడైతే అమ్మానాన్నలకు గ్రీన్ కార్డు తేగలడు, గ్రీన్ కార్డు దశలోనే ఉంటే తేలేడు. కెనడాలో సూపర్ వీసా మీద ఒక విడతకు అయిదేళ్లు ఉండవచ్చు, సొంత ఖర్చుతో ఆరోగ్య బీమా కట్టుకుంటే. ఎంవీపీ కాలనీలో డబ్బున్న వృద్ధ దంపతులకు అవన్నీ తెలుసు. అయినా ఆర్నెల్లు కాగానే వచ్చేస్తారు. అక్కడ ఏం తక్కువైందని అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు. కారు తోలడం రాదు, అంతే. రైతుబజారుకు నడిచి వెళ్లి బేరమాడి వచ్చే మనిషిని, కొడుకు ఆఫీసు నుంచి వచ్చేదాకా కిటికీలోంచి మంచు చూస్తూ కూర్చోమంటే ఆ దేశం ఎంత గొప్పదైతే ఏం.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఈ ప్రశ్న అసలు మరో రూపంలో ఉంటుంది. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం చుట్టూ కొబ్బరితోటల నీడలో, కారణం తేలని కిడ్నీ జబ్బు ఏళ్ల తరబడి మనుషుల్ని తింటోంది. ఆ ఊళ్ల కుర్రాళ్లే గల్ఫ్‌కూ మరోచోటికీ వెల్డర్లుగా, ఫిట్టర్లుగా వెళ్తుంటారు. డయాలిసిస్ మొదలైనవాడికి వారానికి రెండుమూడుసార్లు ఆ యంత్రం దగ్గరికి వెళ్లాలి. ఆ యంత్రానికి బస్సు ఎంత దూరమన్నదే అతని భూగోళం. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆస్పత్రి తెరిచారు. దాంతో ఎందరో మనుషులకు ప్రపంచంలో ఉండదగిన చోటు కొన్ని మైళ్లు దగ్గరికి జరిగింది.

అన్నిసార్లూ విశాఖ నుంచి బయటికే పోతారనుకోకూడదు. ఇథియోపియా విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెప్పే ఎంతోమంది పీహెచ్‌డీకి ఆంధ్ర విశ్వకళా పరిషత్తుకు వచ్చారు. అమెరికా ఫీజులు కట్టలేని, ఇంగ్లీషులో చదువుకోదలచిన ఆ అధ్యాపకుడికి పరదేశాల్లో మేలైనది వాల్తేరు. ఉక్కు ఫ్యాక్టరీ కట్టడానికి 1979లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం అయ్యాక అక్కడినుంచి నిపుణులు వచ్చి ఈ ఊళ్లో కాపురాలు ఉన్నారు. చెమటలు కక్కుతూ, ఎండను తిట్టుకుంటూ, ఇంటికి ఎప్పుడు పోతామా అని రోజులు లెక్కపెట్టుకున్నవాళ్లు వాళ్లలో లేకపోరు. ఆ ఫ్యాక్టరీని 1992 ఆగస్టు 1న పీవీ నరసింహారావు జాతికి అంకితం చేశారు. అప్పటికి సోవియట్ యూనియన్ అనే దేశమే లేదు, ఏడు నెలల కిందటే రద్దయిపోయింది. వెళ్దామన్న దేశం ఉంటుందన్న నమ్మకం కూడా ఒక అదృష్టమే. అదే ఫ్యాక్టరీ కోసం 64 ఊళ్లు ఖాళీ చేసినవాళ్లు దేశం దాటలేదు, జిల్లా కూడా దాటలేదు. నిర్వాసితులకిచ్చే ఆర్-కార్డు ఒకటి చేతికొచ్చింది, ఊరు మాత్రం పటంలోంచి పోయింది.

దేశం దాటాలని కలలో కూడా అనుకోనివాళ్లను దేశం దాటించేవి కూడా ఇంటి పరిస్థితులే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు సొంత తీరంలో జెట్టీ లేక, పెద్ద పడవ లేక, రెండు రోజులు రైల్లో వెళ్లి గుజరాత్ వేరావల్‌లో కూలికి వేట చేస్తారు. 2018 నవంబరులో వాళ్ల పడవలు సరిహద్దు దాటాయని పాకిస్తాన్ పట్టుకుపోయింది. ఇరవైమంది కరాచీ జైల్లో ఉండి, 2020 జనవరి 6న వాఘా దగ్గర బయటికొచ్చారు. ఆ కథే తర్వాత ‘తండేల్’ సినిమా అయింది. వాళ్లు వెతుక్కుంటూ వెళ్లింది చేపల్ని.

ఇక ఇటీవలి ముచ్చట. 2024 మేలో విశాఖ నగర పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలు, సింగపూర్, మంచి జీతం అని చెప్పి, డబ్బు కట్టించుకుని, ఇక్కడి కుర్రాళ్లను కంబోడియాకు చేర్చారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని సైబర్ మోసాలు చేయించారు. ఆ నెల 20న అక్కడ భారతీయులు తిరగబడ్డారు, కొద్దిరోజుల్లోనే కొన్ని జట్లు విశాఖ విమానాశ్రయంలో దిగాయి. ఇరవై ముప్ఫై ఏళ్ల వాళ్లు, కొందరు డిగ్రీలు చదివినవాళ్లు. మేస్త్రీ చేతి అడ్వాన్సుకు ఓడెక్కిన రంగం కూలీ చదువురానివాడు, పాపం అనుకుంటాం. నూరేళ్లకు తేడా ఎంతంటే, అప్పుడు మేస్త్రీ డబ్బు ఇచ్చి తీసుకెళ్లేవాడు, ఇప్పుడు తీసుకుని తీసుకెళ్తున్నాడు.

పదో తరగతి పాస్ కానివాడు గల్ఫ్ సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే వలస అనుమతి తీసుకోవాలి. కంబోడియా ఆ జాబితాలో లేదు, సింగపూరూ లేదు. చదువుకున్నవాడికి సాధారణంగా ఏ దేశానికీ ఆ అనుమతి అక్కర్లేదు. అంటే చదువుకున్నవాడు తన జాగ్రత్త తానే చూసుకోవాలి. అందుకని ఎవరైనా వచ్చి ‘ఫలానా దేశం బంగారం బాబూ’ అంటే ముందు అతన్ని రెండు మాటలు అడగండి. నా వయసెంతో తెలుసా, నా ఇంట్లో ఎవరున్నారో తెలుసా అని. ఆ తర్వాత అతని లైసెన్సు నంబరు రాసుకుని, కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూడండి. చట్టప్రకారం ఏజెంటు తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి ఒక్క రూపాయి అడిగినా లేచి వచ్చేయండి. తోవలో కంచరపాలెంలో దిగి బర్మా క్యాంప్‌లో పెద్దవాళ్లెవరైనా కనిపిస్తే కాసేపు కూర్చోండి.